సర్బతి నాటిన చెయ్యి

లూంబాసర్ మగవాళ్లు ఎండకు జడవరు, ఇసుక గాలికి జడవరు, సర్బతి నోటికి మాత్రం జడుస్తారు. అత్తవారి ఊళ్లో ఆమె గొంతు విన్నవాళ్లు తక్కువ. అక్కడ మెడ దాకా ముసుగు, మామగారు ఎదురొస్తే గోడవారకు ఒదగడం, అన్నీ పద్ధతిగానే చేస్తుంది. పుట్టిన ఊరు లూంబాసర్ పొలిమేరలో బస్సు దిగగానే ఆ ముసుగు భుజం మీదికి జారిపోతుంది. పుట్టింటి ఊళ్లో ఆడపిల్లకు ముసుగు అక్కర్లేదు. ముసుగు లేని చోట సర్బతి నోటికి మూత కూడా ఉండదు.

తమ్ముడు రిఛ్‌పాల్ ఆమెకన్నా ఆరేళ్లు చిన్న. తల్లి సజ్జ చేలో పని చేసుకుంటుంటే వాణ్ణి చంకనేసుకుని తిరిగింది సర్బతే. వాడి తొలి రాఖీ నుంచీ ఏటా ఆమే పేనింది. దుకాణాల్లో వేలాడే మెరుపుల రాఖీలంటే ఆమెకు చులకన. ఎర్ర నూలూ పసుపు నూలూ కలిపి తొడ మీద పేనేది. కొలతకు వాణ్ణి పిలవక్కర్లేదు, తన బొటనవేలూ మధ్యవేలూ కలిపి గుండ్రం చేస్తే అదే వాడి మణికట్టు. వాడు పెరిగిన కొద్దీ ఆ గుండ్రమూ పెరిగింది. చివరికి రెండు చేతుల వేళ్లూ కలిపితే గానీ సరిపోలేదు.

"అక్కా, ఇది రాఖీయా, దున్నపోతుకు కట్టే పలుపా? రక్తం ఆగిపోతోంది" అని వాడు గింజుకునేవాడు.

"ఆగనీ. ఊరికే ఉరుకుతున్నావు, కాస్త నెమ్మదిస్తావు" అనేది సర్బతి, ఇంకో ముడి బిగిస్తూ.

వాడు ఉరకడం మానలేదు. ఆ ప్రాంతంలో మగపిల్లాడు పుడితే జాతకం కంటే ముందు ఛాతీ కొలుస్తారు. తెల్లారకముందే ఇసుక తిన్నెల మీద పరుగులు, భుజాన ఇసుక మూట, ఇంటికొచ్చి లోటాడు మజ్జిగ. రిఛ్‌పాల్ కూడా అలాగే ఉరికి ఉరికి పట్టాళంలో చేరాడు. పెళ్లి చేసుకున్నాడు. భార్య సంతోష్ నెమ్మదస్తురాలు, వదినగారి నోరు చూసి మొదట్లో బెదిరింది, తర్వాత ఆ నోటి చాటునే బతకడం నేర్చుకుంది. వాడు ఎక్కడున్నా రాఖీ టపాలో వెళ్లేది, కొలత తప్పకుండా.

ఒక డిసెంబర్‌లో, మంచు కొండ మీద కాపలాలో ఉండగా రిఛ్‌పాల్ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మంచు తుఫానులో హెలికాప్టర్ దిగలేకపోయింది. తోటివాళ్లు వాణ్ణి మోసుకుని కిందికి బయలుదేరారు, సగం దారిలో ప్రాణం పోయింది. జెండా కప్పిన పెట్టె ఊరికొచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వచ్చాయి, గాల్లోకి తుపాకులు పేల్చారు, గొంతులు బొంగురుపోయేలా జేజేలు కొట్టారు. ఆ రోజు మర్యాదలకు లోటు జరిగిందని సర్బతి కూడా అనదు.

లోటు తర్వాత మొదలైంది. లూంబాసర్ కూడలిలో నాలుగు పాలరాతి సిపాయిలు నిలబడి ఉంటారు. ఊరి నుంచి వెళ్లి యుద్ధాల్లో పోయినవాళ్లు. పెళ్లికొడుకు గుర్రమెక్కే ముందు వాళ్లకు దండం పెట్టాలి. కోడళ్లు అటు వెళ్లేటప్పుడు ముసుగు కిందికి లాక్కోవాలి, ఎందుకంటే ఆ నలుగురూ వరసకు బావగార్లో మామలో అవుతారు. వాళ్లలో ఇరవై నాలుగేళ్ల దగ్గరే ఆగిపోయిన జగ్మాల్ విగ్రహం ముందు మనవలున్న కోడలు కూడా ముసుగు లాక్కుంటుంది. రాఖీ నాడు వాళ్ల అక్కచెల్లెళ్లు కుంకుమ, అక్షతలు, ఘేవర్ మిఠాయి పళ్లెంలో సర్దుకుని వస్తారు. నిచ్చెన వేసుకుని ఎక్కి, రైఫిల్ పట్టుకున్న రాతి మణికట్టుకు రాఖీ కట్టి, రాతి పెదవులకు మిఠాయి తాకించి దిగుతారు.

తమ్ముడు పోయాక వచ్చిన మొదటి రాఖీకి సర్బతి కూడా పళ్లెం పట్టుకుని వచ్చింది. కూడలిలో వాడు లేడు. ఇంట్లో గోడ మీద దండేసిన ఫోటో ఉంది. రాఖీ తీసి దాని దగ్గరికి వెళ్లాక గానీ ఆమెకు తట్టలేదు, అది గుర్తింపు కార్డు కోసం తీసిన ఫోటో. భుజాల దగ్గరే ఆగిపోయింది. తమ్ముడికి ముఖం ఉంది, మీసం ఉంది, చేతులు లేవు. మేకుకు కడదామని చూస్తే జారి కింద పడింది. సంతోష్ ఘొల్లుమంది. సర్బతికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పళ్లెం అలాగే పట్టుకుని కూడలికి నడిచింది.

కూడలిలో సూబేదార్ నేత్‌రామ్ మంచం వేసుకుని కూర్చున్నాడు. వరసకు ఆమెకు పెదనాన్న. విగ్రహాల కమిటీకి పెద్ద. జగ్మాల్ ఆయన కొడుకే, కార్గిల్ కొండల మీద తూటా తగిలి పోయాడు. రోజూ పొద్దున్నే ఆ విగ్రహం బూట్లు తన కండువాతో తుడవనిదే ఆయన టీ తాగడు. చెడ్డవాడని ఎవరూ అనలేరు. అప్పుడు కూడా అందరికీ చెయ్యి చాపి రాఖీలు చూపిస్తున్నాడు. ఆయన అక్క భూరీ ప్రతి ఏడూ పొరుగూరి నుంచి వచ్చి ఆయనకు ఒకటి కాదు, రెండు రాఖీలు కడుతుంది. "తమ్ముడంటే మా అక్కకి అంత ప్రాణం" అని ఆయన గొప్ప.

"పెదనాన్నా, ఆ అయిదో దిమ్మె ఖాళీగానే ఉందిగా. రిఛ్‌పాల్‌ని పెట్టించు" అంది సర్బతి.

నేత్‌రామ్ చెయ్యి ముడుచుకున్నాడు. "అడుగుతావని తెలుసమ్మా. వాడికి పరుగు నేర్పింది నేనే, నాకు మాత్రం బాధ లేదా? కానీ ఈ చోటుకో పద్ధతుంది. తూటాకో బాంబుకో ఎదురుపడి పోయినవాళ్లే ఇక్కడ నిలబడాలి. వాడు జబ్బు చేసి పోయాడు. జబ్బు చేసి ఊళ్లో ఎంతమంది పోవట్లేదు?"

"ఊళ్లో జబ్బు చేస్తే ఆసుపత్రికి పోతారు. వాడు ఆ మంచు మీదికి పెళ్లి భోజనానికి పోయాడా పెదనాన్నా? నిలబడమంటేనే కదా నిలబడ్డాడు?"

"మాట తూలకు సర్బతీ."

"తూలితే తూలానులే, కింద పడితే నువ్వే లేపుదువు గాని. తూటా తగిలితే మనవాడు, చలి తగిలితే పరాయివాడా? చచ్చేవాడు ఎలా చావాలో కూడా మీ కమిటీని అడిగి చావాలా?"

సర్బతి ఖాళీ దిమ్మె మీద చెయ్యి వేసింది. గచ్చు నున్నగా ఉంది, పేరు చెక్కడానికి ముందే పలక అతికించి ఉంది.

"ఇది ఎవరి కోసం మరి?"

"తర్వాత వచ్చేవాడి కోసం. మాటిమాటికీ మేస్త్రీని పిలవడం ఎందుకని అప్పుడే అయిదూ కట్టించేశాం" అన్నాడు నేత్‌రామ్, ఇంట్లోకి అదనంగా ఒక కుర్చీ కొన్నామన్నంత మామూలుగా.

సర్బతి గొంతు తగ్గింది. అది ఆమె జీవితంలో అరుదైన సంగతి. మెల్లగా అడిగింది.

"ఆ వచ్చేవాడు ఇప్పుడెక్కడున్నాడు పెదనాన్నా? బళ్లో ఉన్నాడా? రొట్టె తింటున్నాడా? నీ దిమ్మె కోసం ఎవరింట్లో పెంచుతున్నారు వాణ్ణి?"

నేత్‌రామ్ మనవడు కూడా ఆ ఏడు ఇసుక తిన్నెల మీద పరుగు మొదలుపెట్టాడని అక్కడ అందరికీ తెలుసు.

వారం తిరక్కుండా సర్బతి శిల్పి గోవర్ధన్ పెరట్లో ప్రత్యక్షమైంది. ఆ చుట్టుపక్కల విగ్రహాలన్నీ అతని చేతివే. లోపలికి అడుగుపెట్టి ఆమె ఆగిపోయింది. సిపాయిలు బారులు తీరి నిలబడి ఉన్నారు. బూట్లున్నాయి, బెల్టులున్నాయి, చొక్కా గుండీలున్నాయి, చేతుల్లో రైఫిళ్లున్నాయి. తలలు లేవు.

"ఎవరన్నా వీళ్లు?"

"ఇంకా ఎవరూ కాదు చెల్లెమ్మా. ఒళ్లు అందరికీ ఒకటేగా, తీరిక దొరికినప్పుడు చెక్కి పెట్టుకుంటాను. కబురొచ్చాక ఫోటో చూసి తల చేస్తాను. లేకపోతే ఏడాది తిరిగేలోగా ఇవ్వలేను."

"కబురు రాకపోతే?"

గోవర్ధన్ ఉలి పక్కన పెట్టాడు. "రాకపోతే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ ఇన్నేళ్లలో ఒక్క ఒళ్లూ మిగల్లేదమ్మా."

ఆ మాట విని సర్బతి రాతి పొడిలోనే చతికిలబడింది. తమ్ముడి కోసం ఇన్నాళ్లూ రాని ఏడుపు అక్కడ వచ్చింది, తలల్లేని ఆ ఒళ్ల ముందు. అందులో ఒకటి ఏ తల్లి కొడుకుదో, ఆ తల్లి ఈ పూట వాడికి తల దువ్వుతుందో ఏమో. కాసేపటికి ముక్కు చీదుకుని లేచింది.

"నాకు ఒళ్లొద్దు, తలొద్దు. తుపాకీ అసలే వద్దు. ఒక్క చెయ్యి చెక్కు. మోచేతి దాకా చాలు."

"ఒక్క చెయ్యా? అదేం విగ్రహం? జనం నవ్విపోతారు."

"నవ్వేవాళ్లు నవ్వనీ. నాకు కావలసింది మణికట్టు" అంటూ రెండు చేతుల వేళ్లూ కలిపి గుండ్రం చేసి చూపించింది. "ఇంత లావు. చిటికెన వేలు కాస్త వంకర, కబడ్డీలో విరిగింది. పిడికిలి బిగించకు. తెరిచిన చెయ్యి కావాలి."

గోవర్ధన్ దారం తీసి ఆమె వేళ్ల మధ్య ఖాళీని కొలుచుకున్నాడు. ఆమె కాలి వెండి కడియాలు రెండూ విప్పితే, ఒకటి ఉంచుకుని రెండోది వెనక్కి నెట్టాడు.

దీపావళి వెళ్లాక రిఛ్‌పాల్ పొలం గట్టున, దారి పక్కనున్న జమ్మి చెట్టు కింద, వదినా మరదళ్లిద్దరూ మట్టి తిన్నె వేసి ఆ చేతిని నిలబెట్టారు. పాండవులు ఆయుధాలు దాచింది జమ్మి చెట్టు మీదేనని ఆ ఊరికీ తెలుసు. సర్బతి ఆ చెట్టు కింద ఆయుధం లేని చెయ్యి పెట్టింది. పేరు చెక్కించలేదు.

ఊరికి కావలసినంత కాలక్షేపం దొరికింది. "ఏం సర్బతీ, చెయ్యి నాటావు, వానలు పడితే మనిషి మొలుస్తాడా?" అన్నాడు కమిటీలో ఒకాయన, ట్రాక్టర్ ఆపి మరీ.

"మొలిస్తే ముందు నీ ఇంటికే పంపిస్తాలే, నువ్వు చందా వసూలు చేసుకుందువు గాని."

నేత్‌రామ్ కూడా ఒకసారి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిని పీకించడానికి. "ఇది అమరులకు అవమానం. చెయ్యి ఒక్కటీ పెట్టడం ఏమిటి, ఖండించినట్టు" అన్నాడు. సర్బతి తిన్నె మీద మఠం వేసుకుని కూర్చుంది. "నా తమ్ముడి పొలం, నా తమ్ముడి చెయ్యి. పీకాలంటే ముందు నన్ను పీకు. ఆడపడుచు మీద చెయ్యి వేసిన ఊరని పేరు తెచ్చుకో." ఆయన గడ్డం నిమురుకుని, వెంట వచ్చినవాళ్లను తిట్టి వెనక్కి తీసుకుపోయాడు.

అసలు మార్పు మగవాళ్లు గమనించని చోట మొదలైంది. నీళ్లకూ గడ్డికీ వెళ్లే కోడళ్లు ఆ చేతి దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ ముసుగు లాక్కోబోయేవాళ్లు. మొదట ఆగింది సంతోషే.

"ముసుగెందుకే? దానికి కళ్లు లేవుగా" అంది, తన ముసుగు వెనక్కి తోసుకుంటూ.

నిజమే, ఆ ఊళ్లో కోడళ్లు ముఖం తెరుచుకుని నిలబడగలిగిన సిపాయి అదొక్కటే. గడ్డి మోపులు దించి చెట్టు కింద కూర్చోవడం మొదలుపెట్టారు. గాలి తగిలేది, మాటలు సాగేవి. ఒకామె, "మా అన్న పట్టాళం ట్రక్కులో పోతుంటే లోయలో పడింది, మా పుట్టింటి ఊళ్లోనూ విగ్రహం పెట్టలేదు" అంది. ఇంకొకామె చాలాసేపు గడ్డిపోచ తుంపుతూ కూర్చుని, "మా తమ్ముడు బాగానే తిరిగొచ్చాడు. కానీ రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు, తలుపు చప్పుడైతే మంచం కింద దూరేవాడు. ఓ రోజు బావిలో దూకాడు. వాడి పేరెత్తితే మా నాన్న లేచి వెళ్లిపోతాడు" అంది. కోడళ్లు పండక్కి పుట్టిళ్లకు వెళ్లారు, ఆ చేతి కబురూ వాళ్లతో పాటే వెళ్లింది.

మళ్లీ రాఖీ వచ్చింది. సర్బతి రెండు రంగుల నూలు పేని, రెండు చేతుల వేళ్లతో కొలత చూసుకుని, పళ్లెం పట్టుకుని పొలం గట్టుకు వెళ్లింది. బొట్టు పెట్టి, రాఖీ కట్టి ముడి బిగించింది. "ఇప్పుడు గింజుకో చూద్దాం" అంది పైకే. వంకర చిటికెన వేలికి ఘేవర్ ముక్క తాకించింది. ఆమె కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి దారి మీద ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. తెలిసినవాళ్లు కొందరు, పొరుగూళ్ల నుంచి వచ్చినవాళ్లు కొందరు. అందరి చేతుల్లోనూ పళ్లేలు.

"మేమూ కట్టొచ్చా?" అంది, అన్న ట్రక్కు లోయలో పడిందని చెప్పిన ఆమె.

"ఇదేమన్నా కమిటీయా, నన్నడుగుతారేం? కట్టండి" అంది సర్బతి.

కట్టారు. మణికట్టు నిండింది, ఇంకాస్త పైకి కట్టారు. బావిలో దూకినవాడి అక్క తమ్ముడి పేరు పైకి పలికి, పలికినందుకు తనే ఉలిక్కిపడింది. అందరి తర్వాత ఊతకర్ర తాటించుకుంటూ ఒక ముసలామె వచ్చింది. నేత్‌రామ్ అక్క భూరీ. బస్సు దిగి, తమ్ముడి ఇంటికి పోకుండా తిన్నగా ఇటే వచ్చింది.

ఆమె రాఖీ కడుతుండగా నేత్‌రామ్ వచ్చాడు. అక్క బస్సు దిగిందని విని, ఇంకా ఇంటికి రాలేదేమని వెతుక్కుంటూ వచ్చినవాడు. చెయ్యి ఖాళీగా ఉంది.

"అక్కా! ఇక్కడేం చేస్తున్నావు? ఎవరికి కడుతున్నావది?"

"ఉమ్మేద్ అన్నకి."

ఉమ్మేద్ వాళ్లిద్దరికీ పెద్దన్న. డెబ్బై ఒకటి యుద్ధంలో ఎడారి శిబిరంలో విషజ్వరం వచ్చి పోయాడు. ఆ ఇంట్లో ఆయన మాట ఎత్తగా విన్నవాళ్లు లేరు.

"అన్న జ్వరంతో కదా..." అన్నాడు నేత్‌రామ్.

"ఆఁ, జ్వరంతోనే. అందుకేగా నాన్న సిగ్గుపడి దాచాడు, నువ్వూ దాచావు. అందరికీ రెండు రాఖీలు చూపించుకుని తిరుగుతావే, ముసలాడివయ్యావు, రెండోది ఎవరిదని నన్ను ఒక్కసారన్నా అడిగావురా? నీదొకటి, అన్నదొకటి. కట్టడానికి అన్నకు చెయ్యి లేక నీ చేతికి కట్టాను ఇన్నేళ్లూ. ఈ పిల్ల అన్నకో చెయ్యి ఇచ్చింది."

భూరీ ముడి వేసి, కర్ర చంకన పెట్టుకుని, "ఇలా రా" అని తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆయన రాఖీ ఆయనకు కట్టింది. ఒక్కటే. నేత్‌రామ్ ఆ చేతిని అలాగే గాల్లో ఉంచి చూస్తూ నిలబడ్డాడు. ఇంకో రోజైతే ఆ వాలకం చూసి నవ్వి ఉండేవాళ్లు, ఆ పూట ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆయన సర్బతి పుట్టింటి గుమ్మంలోకి వచ్చాడు. సంతోష్ ముసుగు లాక్కుని లోపలికి తప్పుకుంది. సర్బతి మంచం వాల్చింది గానీ ఆయన కూర్చోలేదు.

"కమిటీలో మాట్లాడాను. చేతిని కూడలికి మారుద్దాం. ఆ అయిదో దిమ్మె మీద పెడదాం. పెద్ద నాయకుణ్ణి పిలుద్దాం, బ్యాండు పెడదాం. నేను తప్పు మాట్లాడాను సర్బతీ. ఈ మాట మా అన్నకూ కలిపి చెబుతున్నాననుకో."

ఏడాది క్రితం ఈ మాట కోసమే ఆమె పళ్లెం పట్టుకుని కూడలికి వెళ్లింది. లోపల సంతోష్ వెక్కుతున్న చప్పుడు వినిపించింది. ఒప్పుకుంటే ఆ పిల్ల మొగుడు కూడలిలో నిలబడతాడు, ఊరంతా దండం పెడుతుంది.

"సంతోష్, నీ మొగుడి చెయ్యి. నువ్వు చెప్పు" అంది సర్బతి.

ముసుగు లోంచే, మామగారి వరస మనిషి వింటున్నాడని తెలిసీ, సంతోష్ గొంతు స్పష్టంగా వచ్చింది. "వద్దు వదినా. అక్కడైతే నేను ముసుగు వేసుకోవాలి."

సర్బతి నేత్‌రామ్ వైపు తిరిగింది. "విన్నావుగా పెదనాన్నా. చెయ్యి ఎక్కడికీ రాదు. నీ జగ్మాల్ మీద నాకు కోపం లేదు, వాడికి నేనూ రాఖీ కట్టినదాన్నే. వాడు ఉన్నచోట ఉంటాడు, మావాడు ఉన్నచోట ఉంటాడు. నువ్వు నిజంగా ఏదన్నా ఇవ్వాలనుకుంటే ఇంకోటి ఇవ్వు."

"ఏంటది?"

"ఆ ఖాళీ దిమ్మె పగలగొట్టు."

నేత్‌రామ్ ఇప్పుడు కూర్చున్నాడు. చాలాసేపు తన మణికట్టు మీది ఒక్క దారాన్ని వేలితో తిప్పుతూ ఉండిపోయాడు. గోడ అవతల దారిలో ఎవరో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చి దూరమైంది. సాయంత్రం పూట కూడా పరుగు తీసేవాడు ఊళ్లో ఆయన మనవడొక్కడే. నేత్‌రామ్ లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు కొడుకు బూట్లు తుడిచాక సూబేదార్ నేత్‌రామ్ టీ తాగలేదు. గునపం తెచ్చి అయిదో దిమ్మె మీద ఒక దెబ్బ వేశాడు. గచ్చు గట్టిది, వయసు పెద్దది, రెండో దెబ్బకే ఆయాసం వచ్చింది. కమిటీవాళ్లు పరుగున వచ్చి "ఏంటి సూబేదార్, మతి పోయిందా?" అని అరుస్తూ నిలబడ్డారు, ఒక్కరూ గునపం ముట్టుకోలేదు. సర్బతి వచ్చి ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుంది. కొంగు నడుముకు దోపి కొట్టింది. ముసుగులు వేసుకున్న కోడళ్లు ఒక్కొక్కరే వచ్చి ఊడిన ఇటుకలు తట్టల్లోకి ఎత్తారు.

ఆ ఇటుకలతో జమ్మి చెట్టు చుట్టూ కోడళ్లు కూర్చోవడానికి అరుగు కట్టారు. ట్రాక్టర్ ఆపి అడిగిన పెద్దమనిషే మళ్లీ ఆగాడు.

"అది కాదు సర్బతీ, రేపు ఎవడన్నా పోతే వాడికి కూడలిలో చోటెక్కడే?"

సర్బతి తాపీ మీది సున్నం దులిపి లేచి నిలబడింది.

"లేదు. అందుకే పగలగొట్టాం. ఇక ఎవడూ పోవడానికి వీల్లేదు, చోటు లేదు. వెళ్లి చెప్పుకో, పైన ఎవరికి చెప్పుకుంటావో."